హారీ నైక్విస్ట్

హారీ నైక్విస్ట్ 1889 ఫిబ్రవరి 7వ తేదీన స్వీడన్ దేశమందలి నిల్స్‌బీ గ్రామమున జన్మించెను. 18వ ఏట అమెరికా చేరి, ఉత్తర డకోటాలో చదివి, 1917లో యేల్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొందెను. అదే సంవత్సరము గొప్ప టెలిఫోను సంస్థ యొకదానిలో ఉద్యోగమునకు కుదిరెను.

తీగలో దూరము పోవుకొలది మాట క్షీణించును. దానిని మధ్య మధ్య యాంప్లిఫైయర్లతో పెంచుచుండిరి. పెంపుతోపాటు దోషమును చేరుచుండెను. 1927లో హెరాల్డ్ బ్లాక్ అను ఇంజనీరు, పెరిగిన సంకేతములో కొంత వెనుకకు మరల్చి, మూలమునకు ఎదురుగా పంపి, ఆ దోషమును తగ్గించు ఉపాయము కనుగొనెను. కాని అట్టి యంత్రములు కొన్ని తమంత తామే కూతపెట్టసాగెను.

కారణము ఊయలను చూచిన తెలియును. ఊగు దిశకు ఎదురుగా చేయి అడ్డినచో ఊయల నిలుచును. ఆ చేయి ఒక రాకపోకలో సగము, అనగా 180 డిగ్రీలు, ఆలస్యమైనచో ఆపుటకు మారుగా ఊపును పెంచును.

యంత్రము నిలుకడగా నుండునో లేదో ముందుగనే కొలతలనుబట్టి రేఖ గీచి తెలిసికొను సూత్రమును నైక్విస్ట్ 1932లో ప్రకటించెను. తిరిగివచ్చు సంకేతము బలమున మూలముతో సమానమగు చోట, ఆ 180 డిగ్రీలకు ఇంకను మిగిలియున్న ఎడమునే ‘ఫేజ్ మార్జిన్’ అందురు. ఈ భావమును సహోద్యోగి హెండ్రిక్ బోడె పెంపొందించెను. ఆ ఎడము సున్నయైన కూత తప్పదు. కావున ఇంజనీర్లు సాధారణముగా 45 మొదలు 60 డిగ్రీలవరకు విడిచి ఉంచుదురు.

1954లో ఉద్యోగ విరమణ చేసిన నైక్విస్ట్ 1976 ఏప్రిల్ 4న టెక్సాసు రాష్ట్రమున కన్నుమూసెను. విమానములను, కర్మాగారములను అదుపున నుంచు సాధనములకు ఆయన సూత్రము నేటికిని ఆధారము. సవరణ సరియైనదైన చాలదు, వేళకు రావలెనని ఆయన లెక్క మనకు తెలుపుచున్నది.