బాంబును పసిగట్టే మెషీన్ వెనుక వోల్ఫ్‌గాంగ్ పౌల్

అనుమానాస్పద బ్యాగులో పేలుడు పదార్థం ఉందా? ఫ్యాక్టరీ పక్క నీళ్లలో ఏం కలిసింది? ఒకప్పుడు ఇవి కచ్చితంగా తేలాలంటే శాంపిల్ ల్యాబ్‌కు వెళ్లాల్సిందే. ఇప్పుడు మెషీన్‌నే అక్కడికి మోసుకెళ్తున్నారు. దాని పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. అది మోసుకెళ్లేంత చిన్నదవడానికి దారి వేసినవారిలో ముఖ్యుడు జర్మన్ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పౌల్.

1913 ఆగస్టు 10న సాక్సనీలోని లోరెంజ్‌కిర్ష్‌లో పుట్టారు. పెరిగింది మ్యూనిక్‌లో. తండ్రి కెమిస్ట్రీ ప్రొఫెసర్. పౌల్‌కు పదిహేనేళ్లప్పుడే ఆయన చనిపోయారు. 1939లో డాక్టరేట్ పరీక్షకు కొద్ది రోజుల ముందు యుద్ధం వచ్చి సైన్యంలోకి పిలిచారు. సెలవు దొరికాకే చదువు పూర్తయింది. 1952లో బాన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు.

మాస్ స్పెక్ట్రోమీటర్ అంటే సింపుల్‌గా అణువుల తూకం మెషీన్. అణువులకు విద్యుత్ ఆవేశం ఇచ్చి అయాన్లుగా మార్చి, బరువును బట్టి వేరు చేస్తుంది. ఆ బరువులు చూసి పదార్థం ఏదో చెప్పొచ్చు. అప్పట్లో వేరు చేయడానికి పెద్ద అయస్కాంతం కావాల్సి వచ్చేది. దాన్ని ఎవరు మోస్తారు? 1953లో పౌల్, హెల్ముట్ స్టైన్‌వెడెల్ కలిసి అయస్కాంతమే అక్కర్లేదన్నారు. నాలుగు లోహపు కడ్డీలు, వాటికి రేడియో ఫ్రీక్వెన్సీ వోల్టేజీ చాలు. కావాల్సిన బరువున్న అయాన్లే దాటతాయి, మిగతావి దారిలోనే పోతాయి.

తర్వాత అయాన్లను పట్టి ఉంచే ట్రాప్ వచ్చింది. నాలాంటి కామర్స్ వాళ్లకూ అర్థమయ్యే నమూనా ఒకటి ఆయన చూపించారు. గుర్రపు జీను ఆకారపు పలక మీద బంతి పెడితే జారిపోతుంది. పలకను తగిన వేగంతో తిప్పితే అక్కడే నిలుస్తుంది. ట్రాప్‌కు మరీ గట్టి వాక్యూమ్ అక్కర్లేదు కాబట్టి పంపు కూడా చిన్నది చాలు. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు ఈ దారిలోనే సుమారు 10 కిలోల మెషీన్ చేశారు.

నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చింది 1957 నాటి సంగతి. పశ్చిమ జర్మనీ సైన్యానికి అణ్వాయుధాలు కావాలని ప్రభుత్వం అనుకుంటుంటే, 18 మంది శాస్త్రవేత్తలు బహిరంగంగా వద్దన్నారు. వాటి తయారీలో, పరీక్షల్లో, వాడకంలో పాలుపంచుకోమని తేల్చేశారు. చాన్సలర్ అడెనావర్‌కు కోపం వచ్చింది. ఒట్టో హాన్, హైసెన్‌బర్గ్ లాంటి పెద్దల సంతకాలతో పాటు పౌల్ సంతకమూ ఉంది. యుద్ధకాలంలో ఐసోటోపులు వేరు చేసే పని చేసిన మనిషి కదా, అది ఎటు పోగలదో ఆయనకు తెలుసు.

1979 నుంచి పదేళ్లు హంబోల్ట్ ఫౌండేషన్ అధ్యక్షులుగా ఉన్నారు. మన దేశం నుంచి కూడా పరిశోధకులు జర్మనీకి వెళ్లే ఫెలోషిప్ ఇచ్చేది ఆ సంస్థే. నోబెల్ 1989లో వచ్చింది, 76 ఏళ్ల వయసులో. 1993 డిసెంబర్ 7న బాన్‌లో కన్నుమూశారు. ఆ పరికరాన్ని ఇప్పటికీ పౌల్ ట్రాప్ అనే అంటున్నారు.