గిడుగు రామమూర్తి పంతులుగారి చరమదశ

మన సీమయందు జనించి కీర్తిశేషులైన మహనీయులలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరెఱుఁగని తెలుఁగువాఁ డుండఁడు. వారి భాషావాదమును గూర్చి వ్రాసినవారు పెక్కురు. కడపటి నాలుగేండ్లను గూర్చి చెప్పువారు కొలఁది మందియే గావున మేమిచట వానినే ముచ్చటింపఁ బూనితిమి.

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకుఁ జేరువనున్న పర్వతాలపేటలో జనించిరి. బాల్యముననే తండ్రి గతించెను. విజయనగరమున గురజాడ అప్పారావుగారితోఁ గలిసి చదివి, 1880లోఁ బర్లాకిమిడి రాజావారి పాఠశాలయం దుపాధ్యాయులుగాఁ బ్రవేశించిరి. అది మొద లేఁబదియాఱేండ్లు ఆ పట్టణమే వారికి స్వస్థలము. సవరల కొండలలోఁ దిరిగి, వ్రాఁతలేని యా భాషను నేర్చి, వ్యాకరణమును నిఘంటువును రచించిరి. మన్యపు జ్వరమునకు క్వినైను సేవించి సేవించి వినికిడి పోఁగొట్టుకొనిరి. అన్యుల మాటలు వినుటకై చెవులనే ధారవోసినవారు మఱియొకరు మాకుఁ గానరారు.

ఇంతలో ఒరిస్సా రాష్ట్రనిర్మాణపు సమస్య వచ్చెను. పర్లాకిమిడి రాజావారు తమ పట్టణమును, చుట్టునున్న తెలుఁగు గ్రామములను ఆ రాష్ట్రమునఁ జేర్చుటకుఁ బాటుపడిరి. పంతులుగారు జీవితమెల్లఁ గొలిచినది ఆ సంస్థానపు విద్యాలయమునే; అయినను ఏడుపదులు దాఁటిన ప్రాయమునఁ దెలుఁగువారిని గూడఁగట్టి ప్రభువు నెదిర్చిరి. ఇది సామాన్యమైన తెగువ కాదు. టెక్కలి, పాతపట్నము ప్రాంతములు మదరాసు రాష్ట్రమున నిలిచినవి. పర్లాకిమిడి మాత్రము దక్కలేదు.

1936 ఏప్రిల్ 1వ తేదీన నూతనరాష్ట్ర ప్రారంభోత్సవము. దానిని జూడ నొల్లక, ఆ యుదయమే పంతులుగారు ఇల్లు వాకిలి, ఆస్తిపాస్తులు విడిచి రాజమహేంద్రవరమునకుఁ దరలిపోయిరి. పర్లాకిమిడినుండి టెక్కలిమీఁదుగా నౌపడా చేరు చిన్నరైలు 1900 మొదలు నడచుచుండెను. మన యుద్దానపు వారికిఁ బర్లాకిమిడి పొరుగూరివలె నుండెడిది. అట్టి యూరు ఒక్క దినమునఁ బరరాష్ట్ర మయ్యెను. ఆ వయసున నిల్లు వీడుట యెట్టిదో మా యీడువారికి వేఱుగఁ జెప్పఁ బనిలేదు.

గోదావరీతీరమునను వారు విశ్రమింపలేదు. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు 1938లోఁ గళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. కుమారులు సీతాపతిగారు తండ్రి బాటనే పట్టి సవరభాషా పరిశ్రమమున సహాయులైరి. గ్రాంథికమున వ్రాయుచున్న మమ్ముఁ జూచినచోఁ బంతులుగారు మందలింపక మానరు. దోషము లేఱి చూపుటలో వారు పండితుల నెవ్వరిని విడిచినవారు కారు. సంస్కృతము చదివిన మా చేయి వేఱొక తీరునఁ గదలదు.

1940 జనవరి 15వ తేదీన మదరాసులోఁ బ్రజామిత్ర కార్యాలయమునఁ బత్రికాసంపాదకులకుఁ గడసారి విన్నపము చేసిరి. శిష్టజనుల వాడుకభాషనే పత్రికల వారవలంబింపవలెనని దాని సారము. పర్లాకిమిడిని మరలఁ జేరకయే, జనవరి 22వ తేదీన, ఆ విన్నపమునకు వారము దినములలోఁ బరమపదించిరి.