పన్ను పీకగానే పెట్టేయాలా? 250 ఏళ్ల నాటి ప్రశ్న

పన్ను తీయించుకున్న రోజే ఇంప్లాంట్ పెట్టించుకోవాలా, కొన్నాళ్లు ఆగాలా? డెంటల్ క్లినిక్‌లో ఇప్పుడు తరచూ వినిపించే ప్రశ్న ఇది. కానీ కొత్తదేం కాదు. 18వ శతాబ్దంలోనే లండన్‌లో ఒక సర్జన్ దీనికి జవాబు వెతికారు. సగం కరెక్టుగా చెప్పారు, సగం తప్పారు. ఆయన పేరు జాన్ హంటర్.

హంటర్ 1728లో స్కాట్లాండ్‌లోని ఈస్ట్ కిల్‌బ్రైడ్ దగ్గర పుట్టారు. పది మంది సంతానంలో ఆఖరివాడు. బడి చదువు పెద్దగా ఒంటబట్టలేదు. 20 ఏళ్ల వయసులో లండన్ వెళ్లి, అనాటమీ పాఠాలు చెప్పే అన్న విలియం దగ్గర చేరారు. పాఠానికి ముందు శవాలను కోసి సిద్ధం చేయడమే పని. చేతిలో డిగ్రీ లేదు. కానీ పదేళ్లు దాటేసరికి మనిషి శరీరం ఆయనకి కొట్టిన పిండి అయింది.

తర్వాత ఆర్మీ సర్జన్‌గా వెళ్లారు. 1761లో ఫ్రాన్స్ తీరంలోని బెల్ ఐల్ దీవిలో యుద్ధం. తూటా దిగితే గాయాన్ని ఇంకా పెద్దగా కోసి వెతకడం అప్పటి రూల్. అయితే ఏ చికిత్సా అందకుండా దాక్కున్న కొందరు ఫ్రెంచ్ సైనికులు మిగతావాళ్లలాగే కోలుకోవడం హంటర్ చూశారు. అనవసరంగా కెలకొద్దు, శరీరానికి టైమివ్వాలి అని ఆయన తేల్చుకున్నారు.

1763లో లండన్ తిరిగొచ్చాక సరైన ప్రాక్టీస్ లేదు. అప్పట్లో పళ్ల పని అంటే సర్జన్లకి చిన్నచూపు. హంటర్ అదేమీ పట్టించుకోకుండా జేమ్స్ స్పెన్స్ అనే డెంటిస్టుతో కలిసి పనిచేశారు. ఆ అనుభవంతో 1771లో మనిషి దంతాల మీద ఒక పుస్తకం, 1778లో దంత వ్యాధుల మీద రెండో భాగం రాశారు. పళ్ల శాస్త్రానికి గట్టి పునాది వేసిన పుస్తకాలవి.

హంటర్ ఏది విన్నా చేసి చూసే రకం. అప్పుడే తీసిన మనిషి పన్నుని కోడిపుంజు తల మీది జుట్టులో నాటారు. కొన్నాళ్లకి కోసి చూస్తే కోడి రక్తనాళాలు పన్నులోకి పాకినట్టు కనిపించింది. ఆ నమూనా లండన్‌లోని హంటేరియన్ మ్యూజియంలో ఉంది.

దాంతో ఆయనకి నమ్మకం కుదిరింది. తీసిన పన్నులో ప్రాణం ఉంటుంది, అది పోకముందే ఇంకొకరి నోట్లో పెట్టాలి. అందుకే పన్ను ఇచ్చేవాళ్లని అదే గదిలో సిద్ధంగా ఉంచుకోమన్నారు. మొదటి వాళ్ల పన్ను సరిపోకపోతే రెండో వాళ్లది.

ఇక్కడే కథ చేదెక్కుతుంది. ఇచ్చేవాళ్లు ఎవరు? డబ్బు కోసం పళ్లు అమ్ముకునే పేద పిల్లలు. 1787లో చిత్రకారుడు థామస్ రోలాండ్‌సన్ ఈ తంతుని వెటకారంగా గీశారు. పోనీ, కొనుక్కున్నవాళ్లకైనా మేలు జరిగిందా? చాలా పళ్లు కొద్ది కాలానికే ఊడిపోయాయి. పన్నుతోపాటు సిఫిలిస్ లాంటి రోగాలూ వస్తున్నాయన్న ఆరోపణలు వచ్చాయి. హంటర్ అది సిఫిలిస్ కాదని వాదించారు. గాయం దగ్గర అంత ఓపిక నేర్చిన మనిషి, పన్ను దగ్గర తన నమ్మకాన్ని వదులుకోలేకపోయారు.

తప్పెక్కడ? వేరేవాళ్ల కణజాలాన్ని మన శరీరం తిప్పికొడుతుందన్న విషయం అప్పటికి ఎవరికీ తెలీదు. మన సొంత పన్ను విషయంలో మాత్రం ఆయన తొందర కరెక్టే. దెబ్బ తగిలి శాశ్వత దంతం ఊడొస్తే, వేరు ముట్టుకోకుండా పాలలో వేసి వెంటనే డెంటిస్టు దగ్గరికి పరిగెత్తాలి. గంటలోపు, వీలైతే అరగంటలోపే తిరిగి పెడితే నిలిచే అవకాశం ఎక్కువ.

మరి ఇంప్లాంట్? 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ మొదటి పేషెంటుకి టైటానియం ఇంప్లాంట్ పెట్టారు. టైటానియాన్ని శరీరం తిప్పికొట్టదు, ఎముక దానికి అతుక్కుంటుంది. అప్పట్లో పన్ను తీశాక నెలల తరబడి ఆగమనేవారు. కానీ ఆగితే ఇంకో చిక్కు. పన్ను పోయిన చోట ఎముక అరుగుతుంది. ఏడాదిలో వెడల్పు దాదాపు సగం తగ్గొచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి 3 నెలల్లోనే.

అందుకే ఇప్పుడు నాలుగు దారులున్నాయి. అదే రోజు, 4-8 వారాలకి, 12-16 వారాలకి, 6 నెలలు దాటాక. చీము లేకుండా, ఎముక గోడ చెక్కుచెదరకుండా ఉండి, ఇంప్లాంట్ బిగుతుగా కూర్చుంటేనే అదే రోజు. ఇన్ఫెక్షన్ ఉంటే చిగురు మానేదాకా ఆగడం మంచిది. 'సేమ్ డే' ప్రకటన చూసి కాదు, మీ స్కాన్ చూసి నిర్ణయించుకోండి.

హంటర్ 1793లో, తను పనిచేసిన సెయింట్ జార్జ్ హాస్పిటల్ మీటింగులోనే కుప్పకూలి చనిపోయారు. మశూచి టీకా తెచ్చిన ఎడ్వర్డ్ జెన్నర్ ఆయన శిష్యుడే. ఆయన పోగేసిన వేల నమూనాలని 1799లో బ్రిటిష్ ప్రభుత్వం 15,000 పౌండ్లకి కొంది. డిగ్రీ లేకుండా అంత ఎత్తుకి తీసుకెళ్లింది చేసి చూసే అలవాటే. ఒక్క కోడి మీద గెలిచిన ప్రయోగాన్ని మనుషులందరికీ వర్తింపజేయడం మాత్రం పొరపాటు. ల్యాబ్‌లోనో, కోడింగ్‌లోనో ఒక్కసారి రన్ అయిందని రిలీజ్ చేసేసే మనకి ఈ తేడా తెలిసుండాలి.