ఆదివారం సెలవు తెచ్చిన లోఖండే – మన కామాటిపుర బంధం

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన పల్లెల్లో వలసకు మూడు పేర్లు చెప్తారు. మన తాతలకు పడ్డది బొంబాయి. నిజాం రాజ్యం నుంచి మట్టిపనికి, రాతిపనికి వచ్చిన కామాటీల పేరే కామాటిపురకు మిగిలింది. ఆ తర్వాత మగ్గం గిట్టుబాటు కాక మన పద్మశాలీలు వచ్చి, మిల్లుల్లో సాంచాల మీద నిలబడ్డారు. ఇప్పుడు ఆ పద్నాలుగు గల్లీల పేరెత్తితే బయటివాళ్ళకు ఇంకేదో గుర్తొస్తుంది. మనకు మాత్రం అది మొదటి ఖోలీ, మొదటి జీతం.

ఆ జీతంతో పాటు ఆదివారం సెలవు కూడా ఉండేది కదా, అది ఎవరు ఇప్పించారని ఎప్పుడైనా అడిగామా? అడగలేదు. ఈ సంచికలో ఆ మనిషి గురించి రాయాలనుకున్నాం. పేరు నారాయణ మేఘాజీ లోఖండే. మనవాడు కాదు, మరాఠీ మాలీ కులస్తుడు. 1848లో ఠాణాలో పుట్టాడు. పెద్ద చదువు సాగలేదు. రైల్వేలో, పోస్టాఫీసులో చిన్న ఉద్యోగాలు చేసి, ఒక బట్టల మిల్లులో స్టోర్‌కీపర్‌గా చేరాడు. కూలీలు తెల్లారి వెలుగు రాగానే లోపలికి పోయి, చీకటి పడ్డాక బయటికి రావడం అక్కడ రోజూ కళ్ళారా చూశాడు.

జోతిరావు ఫూలే 1873లో పుణెలో సత్యశోధక సమాజం పెట్టాడు. బొంబాయిలో దానికి అండగా నిలిచినవాళ్ళలో మన తెలుగువాళ్ళు ముందున్నారు. వెంకు బాలోజీ కాలేవార్, జయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు – ఈ పేర్లు మరాఠీ చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి, మన పుస్తకాల్లోనే దొరకవు. 1877లో కృష్ణారావు భాలేకర్ పుణెలో మొదలుపెట్టిన దీనబంధు పత్రిక డబ్బుల్లేక ఆగిపోతే, 1880లో దాన్ని బొంబాయికి తెచ్చి నిలబెట్టినవాళ్ళలో లోఖండే పక్కన కాలేవార్ ఉన్నాడు. సంపాదకుడు లోఖండే. అంటే మిల్లు కూలీ గోడు అచ్చులోకెక్కిన ఆ పత్రిక వెనక తెలుగు చెయ్యి కూడా ఉంది.

అప్పటిదాకా మిల్లుల సంగతి మాట్లాడింది ఎవరు? యజమానులు, సర్కారు దొరలు, ఇంగ్లండులోని పోటీ మిల్లులవాళ్ళు. కూలీని ఎవరూ అడగలేదు. 1881లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం పిల్లల పనిగంటల దగ్గరే ఆగిపోయింది. 1884లో బొంబాయి సర్కారు ఒక కమిషన్ వేసింది. లోఖండే అదను చూశాడు. కమిషన్‌కు తాను ఒక్కడే ఉత్తరం రాసి ఊరుకోలేదు. సెప్టెంబరులో కూలీలను సభలకు పిలిచి, వాళ్ళ మధ్యే కోరికలు తేల్చి, 5,500 మంది సంతకాలతో అర్జీ పెట్టించాడు.

ఆ అర్జీలో ఉన్నవి అయిదే. వారానికి ఒకరోజు, ఆదివారం, పూర్తి సెలవు. మధ్యాహ్నం అరగంట విరామం. పొద్దున ఆరున్నర నుంచి పొద్దుగూకేదాకానే పని. నెల జీతం వచ్చే నెల పదిహేనో తేదీ లోపల. పనిలో దెబ్బ తగిలితే బాగయ్యేదాకా జీతం, అవిటివాడైతే బతుకుదెరువు. వీటిలో కూలి పెంచమన్న మాట లేదు. భయపడి వదిలేశాడని కొందరు అనొచ్చు. మాకు మాత్రం లెక్క చూసుకునే వదిలాడనిపిస్తుంది. ఈ అయిదింటినీ కాదనాలంటే, అరగంటలో తిండి తినడం కూడా తప్పేనని యజమాని నలుగురిలో ఒప్పుకోవాలి. జీతం తేదీ సంగతి మన ఇళ్ళల్లో చెప్పనక్కర్లేదు. జీతం ఆలస్యమైతే కిరాణా షాపులో ఖాతా పెరుగుతుంది, ఖాతా పెరిగితే వడ్డీ.

అప్పుడే బాంబే మిల్ హ్యాండ్స్ అసోసియేషన్ పుట్టింది. దాన్ని దేశంలో మొదటి కార్మిక సంఘం అంటారు గానీ, దానికి సభ్యత్వ చందా లేదు, నిధి లేదు, నియమావళి లేదు. ఉన్నది ఒక పత్రిక, ఒక మనిషి, పిలిస్తే వచ్చే జనం.

లోఖండేను దేవుణ్ణి చెయ్యడం మాకిష్టం లేదు. 1883లో ఫూలే రైతు బాధల మీద షేత్కర్యాచా ఆసూడ్ రాస్తే, దీనబంధులో రెండు అధ్యాయాలు వేసి ఆపేశాడు. సర్కారుకు కోపం వస్తుందని జంకాడు. గురువు నొచ్చుకున్నాడు, దాచుకోకుండా పుస్తకంలోనే ఎత్తిపొడిచాడు. పత్రిక బతకాలా, మాట మొత్తం చెప్పాలా అన్న తకరారు సంఘాలు నడిపే మనకూ కొత్త కాదు. ఆ విషయంలో మా ఓటు ఫూలేకే.

అర్జీ ఫలితం వెంటనే రాలేదు. ఆరేళ్ళు పట్టింది. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి మైదానంలో పదివేల మంది కూడారు. ఇద్దరు ఆడకూలీలు లేచి మాట్లాడారు. అప్పటి రోజుల్లో అది చిన్న సంగతి కాదు. జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. ఆ ఏడే వేసిన ఫ్యాక్టరీ కమిషన్‌లో లోఖండేకు కూలీల తరఫున కూర్చునే చోటు దొరికింది. 1891లో చట్టం మారింది.

1893లో హిందూ ముస్లిం గొడవలు చెలరేగితే, బైకుల్లాలోని రాణీబాగ్‌లో ఐక్యత సభ పెట్టించాడు. కామాటిపుర నుంచి నడిచి పోయేంత దూరమే. 1895లో సర్కారు రావ్ బహదూర్ బిరుదిచ్చింది. మరుసటి ఏడు ఊళ్ళోకి ప్లేగు వచ్చింది. ఉన్నవాళ్ళు ఊరు వదిలి పోతుంటే, లోఖండే రోగుల మధ్య తిరిగి సేవ చేసి, అదే రోగంతో 1897 ఫిబ్రవరి 9న పోయాడు. అప్పటికి యాభై కూడా నిండలేదు.

2005లో భారత తపాలా శాఖ ఆయన పేరున స్టాంపు వేసింది. కాలేవార్‌కు, లింగుకు, అయ్యవారుకు మన సంఘాల గోడల మీద ఒక్క ఫొటో కూడా లేదు. ఇప్పుడు గల్లీల్లో పునర్నిర్మాణం మాట నడుస్తోంది, చాళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి. సామాను సర్దేటప్పుడు అటక మీది ట్రంకుపెట్టెలో పాత మిల్లు కార్డు, జీతం చీటీ, సంఘం రసీదు, పాత పత్రిక ఏది కనిపించినా చిత్తుకాగితాలవాడికి వెయ్యకండి. ఫోనులో ఫొటో తీసి సమాఖ్యకు పంపండి. వచ్చే సంచికలో మీ ఇంటి పేరుతో వేస్తాం.