కేట్ షోపాన్: కూలిన వంతెన, గంటసేపటి కథ

వంతెనల పనిలో 30 ఏళ్లు గడిపినవాణ్ణి. అందుకే కేట్ షోపాన్ జీవితం నాకు గాస్కొనేడ్ నది దగ్గరే మొదలైనట్టుంటుంది. ఆమె 1850లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టారు. 1855 నవంబరు 1న కొత్త రైలుమార్గం ప్రారంభానికి ఊరి ప్రముఖులతో బయల్దేరిన రైలు ఆ నదిలో కూలింది. అసలు వంతెన పూర్తికాలేదు, తాత్కాలిక కొయ్య కట్టడం మీదుగా నడిపారు. (ముహూర్తాల తొందర అక్కడా ఉంది!) పోయిన 30 మందికి పైగా జనంలో ఆమె తండ్రి ఒకరు. భర్తల తోడు లేని తల్లి, అమ్మమ్మ, ముత్తవ్వల మధ్య పెరిగారు.

1882లో భర్త మలేరియాతో పోయారు. ఆరుగురు పిల్లలు, అప్పులు. లూసియానా పల్లెలో ఆయన దుకాణాన్ని ఏడాదికి పైగా తానే నడిపి, పుట్టింటికి చేరాక కలం పట్టారు.

1894 నాటి ‘ది స్టోరీ ఆఫ్ యాన్ అవర్’ రెండు మూడు పేజీలే. మన బ్యాచ్ వాళ్లందరికీ చదవమని చెబుతుంటాను. రైలు ప్రమాదంలో భర్త పోయాడని కబురు. ఏడ్చిన భార్యకు, గదిలో ఒంటరిగా కూర్చున్నాక, ఇక బతుకు తనదేనన్న ఊహ మెల్లగా వస్తుంది. అంతలో భర్త క్షేమంగా గుమ్మంలో! ఆమె గుండె ఆగుతుంది. ఆనందం పట్టలేక పోయిందని డాక్టర్లు తేలుస్తారు. అసలు సంగతి ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు, చదివినవాళ్లకే తెలుసు.

1899లో వచ్చిన ‘ది అవేకెనింగ్’ నవలను చాలామంది విమర్శకులు దుమ్మెత్తిపోశారు. ఆ తర్వాత పెద్దగా అచ్చయినవి లేవు. 1904 ఆగస్టులో సొంత ఊళ్లో జరిగిన ప్రపంచ ప్రదర్శన చూసొచ్చిన రాత్రే జబ్బుపడి, రెండు రోజులకు కన్నుమూశారు.