ఎర్ర మేజోళ్ళ జట్టు నాయకుడు హారీ రైట్

అమెరికా దేశమున బేస్‌బాల్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే, తమ జట్టు వరుసగా ఎన్ని పోటీలు గెలిచినదన్న ప్రస్తావన రాక మానదు. 1916లో న్యూయార్క్ జెయింట్స్ జట్టు ఓటమి లేకుండ 26 విజయాలు సాధించియు ఆ యేటి పట్టికలో నాలుగవ స్థానముతో సరిపెట్టుకొన్న వింతను ఒకరు ఎత్తితే, 2017లో క్లీవ్‌లాండ్ జట్టు వరుసగా గెలిచిన 22 పోటీలను మరొకరు ఎత్తుతారు. వాదము ఎంత దూరము సాగినా తుదకు చేరేది 1869 నాటి సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్, అనగా ఎర్ర మేజోళ్ళ జట్టు వద్దకే. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు హారీ రైట్.

ఆయన 1835 జనవరి 10వ తేదీన ఇంగ్లండులోని షెఫీల్డు నగరములో జన్మించాడు. తండ్రి శామ్యూల్ రైట్ వృత్తిరీత్యా క్రికెట్ ఆటగాడు. హారీ పసితనముననే ఆ కుటుంబము అమెరికాకు వలస పోయి న్యూయార్కులో స్థిరపడింది. పదునాలుగవ యేట చదువు చాలించి ఆభరణముల తయారీ పనిలో కుదిరిన హారీ, కొంతకాలానికి సెయింట్ జార్జ్ క్రికెట్ సంఘములో తండ్రికి సహాయకుడైనాడు. హడ్సన్ నది కావల హోబోకెన్ మైదానములలో క్రికెట్‌తో పాటు బేస్‌బాల్ కూడ ఆడేవారు. ఆ కొత్త ఆట యువకుని మనసును ఆకట్టుకొంది. అయినను 1865లో ఆయన సిన్సినాటి చేరినది క్రికెట్ శిక్షకుడుగానే. బేస్‌బాల్ వృత్తిక్రీడకు పునాది వేసిన వ్యక్తి క్రికెట్ గూటిలో పెరిగినవాడన్న సంగతి, క్రికెట్ అంటే చెవికోసుకొనే మన విద్యార్థులకు వినోదముగా తోచవచ్చు.

ఆ రోజులలో ఆటకు ప్రతిఫలము పుచ్చుకొనుట మర్యాద కాదని భావించేవారు. కాని చాటుమాటుగా పుచ్చుకొనేవారికి కొదవ లేదు. 1869లో సిన్సినాటి సంఘము ఆ ముసుగు తొలగించి ఆటగాళ్ళందరికి బాహాటముగా జీతములు నిర్ణయించింది. నాయకుడైన హారీకి 1200 డాలర్లు. ఆటలో అన్నను మించిన తమ్ముడు జార్జికి 1400. జట్టులో సిన్సినాటిలో పుట్టినవాడు ఛార్లీ గౌల్డ్ ఒక్కడే! హారీ వారిచేత నియమము తప్పక సాధన చేయించాడు. బంతి ఎటు పోయినా ఒకరి వెనుక ఒకరు ఆసరాగా నిలవడము నేర్పాడు. ఆ యేడే పూర్తయిన ఖండాంతర రైలుమార్గము మీద శాన్‌ఫ్రాన్సిస్కో వరకు జట్టును నడిపించాడు. ఆ సంవత్సరము సంఘముల మధ్య జరిగిన నియమిత పోటీలలో 57 గెలిచి, ఒక్కటైనా ఓడలేదు. ట్రాయ్ నగరపు జట్టు 17-17 వద్ద ఉండగా తగవు పెట్టుకొని నడుమ వెళ్ళిపోయిన ఆట ఒక్కటే ఆ లెక్కకు మచ్చ.

1870 జూన్ 14న బ్రూక్లిన్‌లో అట్లాంటిక్స్ జట్టుతో పోటీ. వేలాది ప్రేక్షకులు క్రిక్కిరిసినారు. తొమ్మిది ఇన్నింగ్సులు ముగిసేసరికి ఉభయులకు చెరి అయిదు పరుగులు. స్థానిక ఆటగాళ్ళు సమానముగా ముగిసినదనుకొని మైదానము విడువసాగారు. హారీ ఆ సమయమున తల ఊపి ఊరుకొన్నట్లయితే అజేయుడన్న కీర్తి చెక్కు చెదరకుండా ఉండేది. నాయకులిరువురు అంగీకరిస్తేనే ఆట సమమగునన్న నియమమును చూపి, ఫలితము తేలేదాక ఆడవలసిందేనని ఆయన పట్టుబట్టాడు. పదవ ఇన్నింగ్సులో ఎవరికీ పరుగు రాలేదు. పదకొండవ దానిలో సిన్సినాటికి రెండు లభించాయి. అట్లాంటిక్స్ మూడు సంపాదించి 8-7తో గెలిచారు. ఎనుబదికి పైబడిన విజయముల వరుస ఆనాటితో తెగిపోయింది. ఆయన గెలిచిన పోటీలన్నిటికంటె ఈ ఓడిన పోటీయే ఆయన ఎట్టివాడో మనకు చక్కగా తెలియజేస్తున్నది.

అభిమానుల అనురాగము చిత్రమైనది. ఆ సంవత్సరమంతటిలో జట్టు ఓడినవి ఆరు పోటీలే. అయినను ప్రేక్షకులు పలుచబడ్డారు, రాబడి తగ్గింది, జీతముల భారము మిగిలింది. నవంబరులో సంఘము వృత్తి ఆటగాళ్ళను వదులుకొన్నది.

హారీ బోస్టన్ ఆహ్వానమునందుకొని, తమ్ముని, మరి ఇద్దరు సహచరులను, ఎర్ర మేజోళ్ళ పేరును కూడ వెంట తీసుకొనిపోయాడు! అక్కడ 1872 మొదలు 1875 వరకు వరుసగా నాలుగేండ్లు అగ్రస్థానము ఆయనదే. 1875లో 71 గెలుపులకు ఓటములు ఎనిమిది మాత్రమే. స్వస్థలములో ఒక్కటియు లేదు. 1874లో తన జట్టును, ఫిలడెల్ఫియా జట్టును ఇంగ్లండుకు తీసుకొనిపోయి, తాను పుట్టిన షెఫీల్డులో కూడ ఆడించాడు. ఆంగ్లేయులు బేస్‌బాల్‌ను అంతగా ఆదరించలేదు గాని, ఈ అమెరికన్లు పదునెనిమిదిమంది చొప్పున దిగి క్రికెట్‌లో వారిచేత ఓడకుండ తిరిగివచ్చారు. నలుగురు మేటి ఆటగాళ్ళను షికాగో జట్టు లాగుకొన్న తరువాత కూడ, 1877, 1878 సంవత్సరాలలో హారీ బోస్టన్‌ను మరల శిఖరమునకు చేర్చాడు.

తరువాత ప్రావిడెన్స్‌లోను, 1884 నుండి 1893 వరకు ఫిలడెల్ఫియాలోను జట్లను నడిపాడు. అగ్రస్థానము మరి దక్కలేదు. 1890లో కొన్ని నెలలు కంటిచూపు పూర్తిగా పోయింది; కొంత తిరిగి రాగానే మళ్ళీ జట్టును చేరుకొన్నాడు. చివరి దినములలో నేషనల్ లీగ్ అంపైర్లపై అధికారిగా ఉంటూ 1895 అక్టోబరు 3న అట్లాంటిక్ సిటీలో కన్నుమూశాడు. మరుసటి సంవత్సరము ఆయన స్మారకార్థము పలు నగరములలో పోటీలు ఆడి ధనము పోగుచేశారు.

బేస్‌బాల్ ప్రముఖుల మందిరములో తమ్ముడు జార్జికి 1937లోనే చోటు లభించింది. అన్నగారి వంతు 1953లో గాని రాలేదు.