శింశుమారాలకు చిత్తరువులు వ్రాయించిన ఎలియట్ దొర

క్రీ.శ. 1852వ సంవత్సరం తెలుగువారు జ్ఞాపకముంచుకొనదగినది. బ్రౌను దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఆ ఏటనే వెలువడినది. ఆ ఏటనే విశాఖపట్నం రేవులో ఒక జలచరము దొరికినది. అది చేపవలె ఈదునే గాని చేప కాదు. గాలి పీల్చి, పిల్లకు పాలిచ్చు జంతువు. దాని తల గుండ్రన, మూతి మొద్దు. తక్కిన డాల్ఫిన్లకు వలె ముక్కు పొడుచుకొని రాలేదు. మన కోశకారులు శింశుమారమని పేర్కొన్న జాతికి చెందిన ఈ ప్రాణిని శాస్త్రలోకం అంతవరకు ఎరుగదు. దాని కపాలాన్ని భద్రపరచి శాస్త్రజ్ఞుల కందజేసిన వాడు ఆనాడు ఉత్తర సర్కారులకు కమీషనరుగా ఉండిన వాల్టర్ ఎలియట్ దొర.

ఎలియట్ 1803 జనవరి 16వ తేదీన ఎడింబరోలో జన్మించినాడు. ఆయన వంశీయులది స్కాట్లండు సరిహద్దు సీమలోని ఉల్ఫ్‌లీ అను గ్రామం. విశాఖతీరపు మత్స్యాలకును ఆయన పుట్టిన ఏటికిని ఒక సంబంధం కలదు. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల వర్ణనలు, చిత్రాలు గల గ్రంథం లండనులో వెలువడినది 1803లోనే. రస్సెల్ దేశీయ చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించి, జాలరుల నోట విన్న తెలుగు పేర్లను చేపల ప్రక్కన చేర్చినాడు. ఆ బాటనే అర్ధశతాబ్దం తరువాత ఎలియట్ నడిచినాడు.

హెయిలీబరీలోని కంపెనీవారి కళాశాలలో చదివి, ఆయన 1821లో చెన్నపట్నం సివిలు ఉద్యోగంలో ప్రవేశించినాడు. కొలదికాలం సేలంలో పనిచేసిన పిమ్మట ఆయనను దక్షిణ మహారాష్ట్ర ప్రాంతానికి, అనగా ధార్వాడ సీమకు మార్చినారు. అక్కడ 1824లో కిత్తూరు సంస్థానాన్ని కంపెనీవారు స్వాధీనం చేసుకొనబోగా రాణి చెన్నమ్మ ఎదిరించినది. కంపెనీ ప్రతినిధి థాకరే ఆ పోరులో మరణించినాడు. ఇరువదియొక్క ఏండ్ల ఎలియట్, సహోద్యోగి స్టీవెన్సన్‌తో కూడ కిత్తూరు కోటలో బందీ అయి, కొన్ని వారాలకు గాని విడుదల పొందలేదు.

అట్టి అనుభవం కలిగిన యువకుడు ఆ దేశాన్ని ద్వేషించవలసినది. అట్లు జరుగలేదు. ఆయన 1833 వరకు ఆ సీమలోనే ఉండి గుళ్ళగోడల మీదను, రాతిస్తంభాల మీదను ఉన్న శాసనాలకు ప్రతులు వ్రాయించినాడు. అట్లు చేరిన శాసనాలు 595. చాళుక్యరాజుల చరిత్రకు అవి తొలి పునాదిరాళ్ళలో చేరినవి. అడవిలో తిరుగునపుడు మృగాలను, పక్షులను గమనించి, ఆ సీమలోని పాలిచ్చు జంతువుల పట్టికను 1839లో చెన్నపట్నపు విద్వత్పత్రికలో ప్రకటించినాడు. ఏ జంతువును గూర్చి వ్రాసినా, ఆ చోటి జనులు దానిని ఏమని పిలుతురో అడిగి తెలుసుకొనుట ఆయనకు అలవాటు.

స్వదేశానికి పోయి 1836లో మరల వచ్చిన తరువాత చెన్నపట్నం గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ ప్రభువుకు ఆంతరంగిక కార్యదర్శిగా ఉన్నాడు. 1839లో మాల్టా ద్వీపంలో మరియా డొరొతియా అను కన్యను వివాహమాడినాడు. ఆయన జీవితం తెలుగుదేశంతో ముడివడినది 1845లో. నందన కరవు దెబ్బకు గుంటూరు సీమ చితికి, శిస్తు వసూలు కుంటుపడినందున, కారణం విచారించుటకు ప్రభుత్వం ఆయనను పంపినది. ఆయన సమర్పించిన నివేదికను మెచ్చి కంపెనీ డైరెక్టర్లు ఆయనను ఉత్తర సర్కారులన్నిటికిని కమీషనరుగా నియమించినారు. 1854 వరకు ఆయన ఆ పదవిలో ఉన్నాడు. గుంటూరు మొదలు గంజాం వరకు గల తీరమంతయు ఆయన అధికారంలోనిది. నేటి విజయనగరం జిల్లా అప్పుడు విశాఖపట్నం జిల్లాలో భాగం. శ్రీకాకుళం గంజాం జిల్లాలోనిది.

భీమునిపట్నం, కోనాడ, కళింగపట్నం, బారువ అను రేవుల వెంట సాగిన ఈ తీరం వాడబలిజలకు, జాలరులకు జీవనాధారం. తెప్పల మీద అలలు దాటి పోవు వీరికి సముద్రం ఒక పాఠశాల. నీటిలోని ప్రతి ప్రాణికిని వారివద్ద ఒక పేరున్నది. డాల్ఫిన్లలోనే ఒకదానికొకటి తేడా గుర్తించి వేర్వేరు పేర్లు పెట్టుకొన్నారు. విశాఖలోను వాల్తేరులోను ఎలియట్ ఈ జ్ఞానాన్ని ఆశ్రయించినాడు. వలలో పడినవి, ఒడ్డుకు కొట్టుకొని వచ్చినవి చూచి, కొలతలు తీయించి, ఎముకలు శుభ్రపరపించి భద్రపరచినాడు.

ఎముకలు దాచవచ్చును, రూపం దాచుట కష్టం. డాల్ఫిన్ చర్మపు నిగనిగ ప్రాణంతోపాటే పోవును. చచ్చిన కొన్ని గంటలలో రంగు నల్లబడును. ఎండకు శరీరం చీకును. ఛాయాగ్రహణం అప్పటికి శైశవదశలో ఉన్నది. గాజుపలక మీద తడి మందు పూసి, ఆరకమునుపే చిత్రం తీసి కడుగు పద్ధతి 1851లోనే బయటపడినది. దానికి బింబం కొన్ని క్షణాలపాటు కదలక నిలువవలెను, రంగులు రానేరావు. కావున క్షణమాత్రం నీటిపైకి ఎగసి మునిగిపోవు జంతువును పట్టుకొనుట ఛాయాగ్రాహక యంత్రానికి ఆనాడు సాధ్యం కాదు. ఆ పని చేయవలసినది చిత్రకారుని కన్ను, కుంచె.

ఎలియట్ దేశీయ చిత్రకారులను నియమించి చేపలకు, నత్తలకు, డాల్ఫిన్లకు వర్ణచిత్రాలు వ్రాయించినాడు. మన శిల్పులకు జలచరాలను రూపించుట క్రొత్త కాదు. గుడి ద్వారాల మకరతోరణాలు వారి చేతివే. కాని మకరము మొసలి, ఏనుగు, చేప కలిసిన కల్పన. అందులో చూచినదానికంటె ఊహించినది ఎక్కువ. ఇక్కడ కావలసినది వేరు. రెక్క ఎక్కడ మొదలగునో అక్కడనే చూపవలెను. చుక్కలు ఎన్నో అన్నే ఉండవలెను. పొట్ట రంగు, వీపు రంగు కలియుచోట గీత ఎట్లు సాగినదో అట్లే దింపవలెను. అందము కొరకు ఒక వంపు చేర్చినచో శాస్త్రానికి అబద్ధము చేర్చినట్లే. ఆ నియమానికి లోబడి వ్రాసియు ఆ చిత్రకారులు చచ్చిన ప్రాణికి సజీవరూపం ఈయవలసివచ్చినది.

ఆ కపాలాలు, ఎముకలు, చిత్రాలు లండనులో రిచర్డ్ ఓవెన్ చేతికి చేరినవి. శరీరనిర్మాణ శాస్త్రంలో ఆ కాలపు ఉద్దండుడైన ఓవెన్ ఎన్నడును భారతదేశానికి రాలేదు. ఎముకను బట్టి ఎముకనే చెప్పగలడు గాని, దానిపై కప్పిన మాంసం, రంగు, రెక్క తెలియుటకు ఆయనకు చిత్రాలే ఆధారం. 1866లో లండను జంతుశాస్త్ర సమాజపు సంపుటంలో ఎలియట్ సేకరించిన భారతీయ తిమింగిల జాతులను గూర్చి ఓవెన్ వ్యాసం వెలువడినది. విశాఖ రేవులోని మొద్దుమూతి ప్రాణికి, పొట్టిముక్కుగలది అను అర్థంలో బ్రెవిరోస్ట్రిస్ అని నామకరణం జరిగినది. మరి యొకటి మరుగుజ్జు తిమింగిలం. దానికి చప్పిడిముక్కుదని అర్థమిచ్చు పేరు పెట్టినాడు. ఇంకొక డాల్ఫిన్‌కు లాటిన్ గ్రీకు పదాలు వెదుకక, తీరవాసుల తెలుగు మాటనే గ్రహించి గడము అని పేరుంచినాడు. చదువు లేని జాలరి పలికిన మాట అట్లు ప్రపంచ శాస్త్రగ్రంథంలోకి ఎక్కినది.

ఆ పేర్ల తరువాతి కథ కూడ తెలియదగినది. ఓవెన్ వ్యాసం వెలువడిన కొలదికాలానికే కలకత్తా వస్తు ప్రదర్శనశాలాధికారి జాన్ ఆండర్సన్, బర్మాలోని ఐరావతీ నదిలో ఇట్టి ప్రాణినే చూచి వేరొక జాతిగా వర్ణించినాడు. రెండును ఒకటే అని పిమ్మట తేలినది. శాస్త్రనామం మొదటిదే నిలిచినది. లోకంలో మాత్రం అది ఐరావతీ డాల్ఫిన్ అయి కూర్చున్నది. విశాఖ పేరు మరుగుపడినది. గడము అన్న పేరును, అంతకుమునుపే వేరొక పేరు పొందిన జాతిలో కలిపివేసినారు. మరుగుజ్జు తిమింగిలాన్ని చాలకాలం మరియొక జాతితో ఏకం చేసి చూచినారు. సరిగా నూరేండ్లకు, 1966లో, అది ప్రత్యేకజాతియే అని స్థిరపడినది.

ఎలియట్ దృష్టి సముద్రంతో ఆగలేదు. ఉత్తర సర్కారుల మొక్కలకు తెలుగు పేర్లు, శాస్త్రనామాలు జతపరచి ఫ్లోరా ఆంధ్రికా అను గ్రంథాన్ని 1859లో ప్రకటించినాడు. చార్లెస్ డార్విన్ కోరగా ఇక్కడి పావురాల చర్మాలను పంపినాడు. ఆ సహాయాన్ని డార్విన్ 1859 నాటి తన మహాగ్రంథంలో స్మరించినాడు.

ఆయన చేసిన పనులలో తెలుగువారి మనస్సు కలచునది ఒకటి ఉన్నది. 1845లో అమరావతి స్తూపాన్ని త్రవ్వించి, శిల్పఫలకాలను చెన్నపట్నానికి చేర్చినాడు. 1858లో లిన్నేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి వాటికి ఛాయాచిత్రాలు తీసినాడు. తెలుగు శిల్పాన్ని యంత్రం పట్టుకొన్న తొలి సందర్భాలలో అది ఒకటి. కదలని రాయి కనుక యంత్రానికి లొంగినది. తరువాత ఆ ఫలకాలను ఓడ ఎక్కించి లండనుకు తరలించినారు. చాల ఏండ్లు అవి ఆదరణ లేక పడియుండగా 1867లో ఫెర్గూసన్ వాటిని మరల వెలుగులోకి తెచ్చినాడు. నేడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. రక్షించినవాడును ఎలియటే, పుట్టినచోటికి దూరమగుటకు కారణమైన వారిలో ఒకడును ఎలియటే. రెండు మాటలును చెప్పిననే చరిత్ర.

1854లో ఆయన చెన్నపట్నం గవర్నరు సభలో సభ్యుడైనాడు. 1860లో ఉద్యోగం విడిచి ఉల్ఫ్‌లీకి చేరినాడు. 1866లో సర్ బిరుదము లభించినది. వార్ధక్యంలో ఆయనకు దాదాపు చూపు పోయినది. ఒక్కొక్క చుక్క లెక్కపెట్టి చిత్రాలు సరిచూచిన కన్నులకు వెలుగు కరవైనది. అయినను ఆయన పని మానలేదు. ఇతరుల కన్నులను ఆసరా చేసుకొని దక్షిణ భారత నాణేలను గూర్చిన గ్రంథాన్ని పూర్తిచేసి 1886లో వెలువరించినాడు. 1887 మార్చి 1వ తేదీ ఉదయం, తమిళ పండితుడు పోప్ గారికి ఒక జాబు చెప్పి వ్రాయించి తానే సంతకం చేసినాడు. ఆ సాయంకాలమే కన్నుమూసినాడు. అప్పటికి ఆయన వయస్సు 84.

ఆయన కాలంలో యంత్రానికి అందని డాల్ఫిన్‌ను నేటి ఛాయాగ్రాహకుడు క్షణంలో వేయవ వంతులో పట్టుకొనగలడు. వీపు రెక్క మీది గాట్లు, మచ్చలు చూచి ఒక్కొక్క ప్రాణిని విడివిడిగా గుర్తించుటకు శాస్త్రజ్ఞులు ఈ ఛాయాచిత్రాలనే వాడుచున్నారు. చిల్కా సరస్సులోని మొద్దుమూతి డాల్ఫిన్లను అట్లే గుర్తించి లెక్కించుచున్నారు. ఆ జాతి ప్రపంచంలో అంతరించు ప్రమాదంలో ఉన్నదని 2017లో ప్రకటించినారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం దానికి అత్యున్నత రక్షణ కల్పించినది.

ఎలియట్ దొర పేరు గ్రంథాలలో నిలిచినది. ఓవెన్ పేరు శాస్త్రనామం చివర నిలిచినది. కపాలాన్ని ఒడ్డుకు చేర్చిన జాలరికి, రంగులు ఆరకమునుపే రూపం దింపిన చిత్రకారునికి ఏ జంతువు మీదను పేరు దక్కలేదు. కళింగపట్నంలోను భీమునిపట్నంలోను చదువుకొను బాలురు సముద్రపు టొడ్డున నిలిచి, నీటిపైకి లేచిన నల్లని వీపును చూచినపుడు, దానిని తమ తాతలు ఏమని పిలిచిరో ఇంటికి పోయి అడిగి వ్రాసికొనవచ్చును. ఎలియట్ చేసినది ఆ పనియే. ఆ పేర్లు ఎరిగిన వృద్ధులు మన తీరంలో ఉన్నంతకాలమే ఆ పని సాధ్యం.